డైరీలో సంతకం పెట్టేస్తే సరిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. బడివాళ్లు పట్టించుకోవట్లేదని తల్లిదండ్రులు, ఇంట్లో పట్టించుకోవట్లేదని టీచర్లు. మధ్యలో నలిగిపోతున్న పిల్ల ఒకటి కూడా రాసింది, ఆ ఉత్తరం చివర్లో వేశాను. చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ తర్వాత మా అబ్బాయి కోసం ఎదుటి కుర్చీలోనూ కూర్చున్నాను. కాబట్టి ఎవరి వైపూ పూర్తిగా మాట్లాడలేను, ముందే చెప్పేస్తున్నా.

మా బాబు మూడో తరగతి. తీసివేతల్లో ఎప్పుడూ తప్పులే. టీచర్ డైరీలో "ప్రాక్టీస్ అవసరం" అని రాశారు. అప్పట్నుంచి రోజూ రాత్రి యాభై లెక్కలు చేయిస్తున్నాను. అయినా అవే తప్పులు. నిన్న వాడు ఏడ్చేశాడు, నేనూ అరిచేశాను. నాకు కూడా చిన్నప్పటి నుంచి లెక్కలంటే భయమే. వీడి నిర్లక్ష్యం ఎలా పోగొట్టాలి? వాడు చేసిన పేజీ ఫొటో పంపిస్తున్నాను.

ఫొటో పంపి మంచి పని చేశారు, ఉత్తరం కంటే అదే ఎక్కువ చెప్పింది.

52లోంచి 17 తీసేస్తే 45 అని వేశాడు. 63లోంచి 28 తీసేస్తే మళ్లీ 45. 41లోంచి 19 తీసేస్తే 38. మూడూ తప్పే. కానీ కింద 86లోంచి 34 తీసేసిన లెక్క చూడండి, చక్కగా 52 వేశాడు. ఇప్పుడు మొదటి లెక్క దగ్గరకు రండి. 2లోంచి 7 పోదు కదా, అందుకని వాడు తిరగేసి 7లోంచి 2 తీసేశాడు, 5 వచ్చింది. పక్కన 5లోంచి 1 పోతే 4. అందుకే 45. మిగతా రెండు లెక్కల్లోనూ ఇదే చేశాడు. పైనుందా కిందుందా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యడం, అదీ వాడు పెట్టుకున్న రూలు. నిర్లక్ష్యంగా చేసేవాడు ఒక్కోసారి ఒక్కోలా తప్పు చేస్తాడండీ, మీవాడు ఒకే తప్పుని తు.చ. తప్పకుండా చేస్తున్నాడు. అంటే రాత్రి యాభై లెక్కలు చేయించినప్పుడల్లా వాడు ఆ తప్పు రూలుని యాభైసార్లు ప్రాక్టీస్ చేస్తున్నాడన్న మాట.

ఇది నేను కనిపెట్టింది కాదు. పిల్లల తీసివేత తప్పుల్లో చాలావాటి వెనక ఇలాంటి పద్ధతులే ఉంటాయని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లోనే రాశారు. తప్పు చూసి కొట్టేసి వదిలేయకుండా, ఈ జవాబు వాడికి ఎలా వచ్చిందబ్బా అని ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలాసార్లు దొరికిపోతుంది. ఆ ఒక్క నిమిషం క్లాసులో ముప్పై పుస్తకాలు దిద్దుతున్న టీచర్‌కి దొరక్కపోవచ్చు. మీకు దొరుకుతుంది.

ఇవాళ్టి నుంచి ఆ యాభై ఆపేయండి. అగ్గిపుల్లల్లాంటివి తీసుకుని పదేసి చొప్పున రబ్బరుబ్యాండ్ వేసి కట్టలు కట్టండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, "నాకు పదిహేడు ఇవ్వు" అనండి. ఒక కట్ట ఇచ్చేస్తాడు. ఇంకా ఏడు కావాలి, ఉన్నవి రెండే. అక్కడ ఆగుతాడు. మీరేం చెప్పకండి, నోరు కట్టేసుకుని కూర్చోండి. కాసేపటికి వాడే ఒక కట్ట విప్పుతాడు. కాగితం మీద "అప్పు తెచ్చుకోవడం" అని మనం వల్లె వేయించేది ఆ కట్ట విప్పడమే.

తర్వాత టీచర్‌కి ఇలా రాయండి: "పై అంకె చిన్నదైతే తిరగేసి తీస్తున్నాడు. పుల్లలతో చేస్తే వస్తోంది, కాగితం మీద ఇంకా రాలేదు. మీరు క్లాసులో ఏ పద్ధతిలో చెబుతున్నారో చెబితే ఇంట్లోనూ అదే చేయిస్తాను." ఈ చివరి వాక్యం మర్చిపోవద్దు. బడిలో ఒక పద్ధతి, ఇంట్లో అమ్మ చిన్నప్పటి పద్ధతి, ట్యూషన్ ఉంటే అక్కడ ఇంకోటి. ఎనిమిదేళ్ల పిల్లవాడు మూడూ కలిపి నాలుగోది తయారుచేస్తాడు.

మీ భయం గురించి కూడా ఒక మాట. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద ఒక పరిశోధన చేశారు, మలోనీ, బైలాక్ వాళ్ల బృందం. లెక్కలంటే భయం ఉన్న తల్లిదండ్రులు హోమ్‌వర్క్‌లో తరచూ సాయం చేస్తే ఆ పిల్లలు ఏడాది తిరిగేసరికి లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, భయం మాత్రం ఎక్కువ నేర్చుకున్నారు. అదే భయం ఉన్నా సాయానికి అంతగా వెళ్లనివాళ్ల పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు. మిమ్మల్ని చేతులు కట్టుకుని కూర్చోమనట్లేదు. లెక్క నేర్పే పని టీచర్‌కి వదిలేసి, వాడు ఎక్కడ ఆగుతున్నాడో చూసి చెప్పే పని మీరు తీసుకోండి.

టైమ్ కూడా చూడండి. హారిస్ కూపర్ అనే ఆయన హోమ్‌వర్క్ మీద చాలా ఏళ్లు పనిచేశారు, తరగతికి పది నిమిషాల లెక్క ఆయన చెప్పేదే. అంటే మూడో తరగతికి అన్ని సబ్జెక్టులూ కలిపి అరగంట. చట్టమేం కాదు, అంచనాకి పనికొస్తుంది. అరగంట అయ్యాక ఆపించేసి, పుస్తకంలో ఆ లైను కిందే "ఇక్కడి దాకా 30 నిమిషాలు పట్టింది" అని రాసి సంతకం పెట్టండి. రాత్రి పది దాకా కూర్చోబెట్టి, సగం మీరే చెప్పేసి, పేజీ నీట్‌గా నింపి పంపితే, వీడికి అంతా వచ్చేసిందని టీచర్ తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు. ఆవిడకి ఇంకెలా తెలుస్తుంది?

పేరెంట్ టీచర్ మీటింగ్ కోసం ఆఫీసులో పర్మిషన్ పెట్టి వెళ్తాను. ఐదు నిమిషాలు. "బాగానే చదువుతోంది, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అంటారు. తల ఊపి వచ్చేస్తాను. ప్రతిసారీ ఇదే. అసలు ఏం అడగాలి?

"ఎలా చదువుతోందండీ?" అని అడుగుతారు కదూ? దానికి వచ్చే జవాబు అదే. నేనూ అదే చెప్పేదాన్ని. వరసగా ముప్పై మంది, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, ఆరో మనిషి వచ్చేసరికి నోరు దానంతటదే తిరుగుతూ ఉంటుంది, ఎవరి పిల్ల అయినా "ఇంకొంచెం శ్రద్ధ".

ఈసారి కూర్చోగానే, "తన నోట్‌బుక్ ఒకటి తీసి చూపిస్తారా?" అనండి. పేజీ ముందుకొచ్చిందంటే మాట మారిపోతుంది, టీచర్‌కి కూడా ఆ పిల్ల గుర్తొస్తుంది. అర్థం కానప్పుడు లేచి అడుగుతుందా, మౌనంగా కూర్చుంటుందా? ఏ పాఠం దగ్గర ఆగింది? వచ్చే నెలలోపు తనకి ఏ ఒక్కటి వస్తే మీకు సంతోషం? ఈ మూడు చాలు, ఐదు నిమిషాల్లో అంతకంటే పట్టవు. ర్యాంకు అడక్కండి, పక్కపిల్ల మార్కులు అసలే అడక్కండి.

మీ దగ్గరున్నది కూడా పట్టుకెళ్లండి. మా అబ్బాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బోర్డు మీదవి తప్పుగా ఎక్కించుకునేవాడు. వెనక బెంచీలో కూర్చున్న రోజుల్లోనే అలా జరుగుతోందని వాళ్ల టీచర్ గమనించారు, గోల చేస్తూ రాస్తున్నాడనుకుని ఊరుకున్నారు. ఇంట్లో వాడు టీవీకి ముక్కు ఆనించి కూర్చునేవాడు, నేను రోజూ "వెనక్కి జరుగు" అని కేకలేసేదాన్ని, అంతకుమించి ఆలోచించలేదు. సగం ముక్క ఆవిడ దగ్గర, సగం ముక్క నా దగ్గర. అర్ధ సంవత్సర పరీక్షల మీటింగులో మాటల్లో మాటగా నేను టీవీ సంగతి ఎత్తితే ఆవిడ బెంచీ సంగతి చెప్పారు, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ వారమే కళ్లజోడు వచ్చింది. నేనూ టీచర్నే అయ్యుండి అర్ధ సంవత్సరం తినేశాను, ఆ పిల్లవాడు ఆ ఆర్నెల్లూ చీవాట్లు తిన్నాడు.

అందుకని వెళ్లేముందు చిన్న చీటీ మీద ఇంట్లో చూసినవి రెండు రాసుకోండి. ఏ సబ్జెక్టు పుస్తకం తీయగానే తలనొప్పి అంటుంది, పడుకునేసరికి ఎంతవుతోంది, ఈమధ్య ఏ స్నేహితురాలి పేరు ఎత్తడం మానేసింది, ఇలాంటివి. లేచేముందు, "రెండు వారాలయ్యాక ఒక్క లైను మెసేజ్ పెడతాను, ఎలా ఉందో చెప్పండి" అనేసి రండి. గడువు లేని మాట గాలికి పోతుంది.

నేను ఐదో తరగతితో ఆపేశాను. మా ఆవిడ కూడా పెద్దగా చదువుకోలేదు. నాది షిఫ్టుల పని, మీటింగులకు వెళ్లడం కుదరదు. పాప ఆరో తరగతి. "మీకు పిల్ల మీద శ్రద్ధ లేదు" అన్నట్టు మాట్లాడారు. మావల్ల ఏమవుతుంది సార్?

(సార్ కాదు, మేడమ్. ఫర్వాలేదు.)

ఆ మాట అన్నవాళ్లది తప్పు. మీటింగుకి రాకపోవడం వేరు, శ్రద్ధ లేకపోవడం వేరు. ఇల్లు, బడి కలిసి పనిచేయడాన్ని జాయిస్ ఎప్‌స్టైన్ అనే ప్రొఫెసర్ 1995లో ఆరు రకాలుగా విడదీసి రాశారు. ఇంట్లో చదువుకి వీలు కల్పించడం, ఇంట్లో చదువులో తోడుండడం ఆ ఆరింటిలో రెండు. బడి గుమ్మం తొక్కడమొక్కటే లెక్క కాదు.

మీరు చేయగలిగింది ఒకటి చెప్తాను, దీనికి చదువు అక్కర్లేదు. మీరు ఇంట్లో ఉన్న పూట పాపని పుస్తకం మూసేసి ఆ రోజు పాఠం మీకు చెప్పమనండి. మీకు నిజంగానే తెలీదు కాబట్టి నటించే పని కూడా లేదు. "ఎందుకలా?" "అంటే ఏంటి?" అని అడుగుతూ ఉండండి. ఎక్కడో ఒకచోట "మ్..." అని పైకప్పు వైపు చూస్తుంది చూడండి, అక్కడే పుస్తకం తెరవాలి. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది, గుర్తు తెచ్చుకున్నవాళ్లకే ఎక్కువ జ్ఞాపకం ఉంది. రోజూ పావుగంట మీ పాప మీకు పాఠం చెప్పడమంటే ఇదే. పెద్ద చదువులు చదివిన తండ్రులకి ఇది కష్టం, మధ్యలో దూరి వాళ్లే చెప్పేస్తారు.

ఇంకోటి నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. మీ షిఫ్టు అర్ధరాత్రి అయితే పిల్ల మీకోసం మేలుకుని ఉండకుండా చూడండి.

బడికి మాత్రం మీ సంగతి చెప్పాలి, చెప్పకపోతే వాళ్లకి తోచింది వాళ్లు అనుకుంటారు. రాయడం ఇబ్బందైతే వాయిస్ మెసేజ్ పెట్టండి: "నేను ఫలానా టైములో ఫోన్ ఎత్తగలను, పాప సంగతి ఏదున్నా అప్పుడు చెప్పండి." అంతే. క్షమాపణలేం చెప్పక్కర్లేదు.

నేను టీచర్ని. క్లాసులో 42 మంది. పిల్లవాడి సంగతి చెబుదామని ఫోన్ చేస్తే తల్లిదండ్రులు పోట్లాటకి వస్తారు. ఒకాయన "మీకు చెప్పడం రాక మావాణ్ణి అంటారా" అన్నాడు. ఇక ఫోన్లు చేయడం మానేశాను. నాదేమైనా తప్పా?

మనసుకి గుచ్చుకునే మాటే అన్నాడు. తప్పు మీదని అనను. కానీ ఒకటి అడుగుతాను, ఆ ఇంటికి అంతకుముందు మంచి మాట చెప్పడానికి ఎప్పుడైనా ఫోన్ చేశారా? బడి నంబరు కనిపించగానే తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడుతుంది, ఏం కొట్టుకొచ్చాడో, ఏం పగలగొట్టాడో అని. అలా భయపడుతూ ఫోన్ ఎత్తిన మనిషి మొదటి మాటకే గొంతు పెంచుతాడు.

ఏడాది మొదట్లోనే, ఏ గొడవా లేకుండా, ఒక్కో ఇంటికి ఒక్క మాట చేరాలి. "మీవాడు తెలివైనవాడు" లాంటిది కాదు, అది ఎవరికైనా చెప్పొచ్చు. "నిన్న సైన్స్‌లో ఆకులు ఎందుకు రంగు మారతాయని అడిగాడు, క్లాసంతా ఆలోచనలో పడింది." రోజుకి ఇద్దరు చొప్పున 42 మందికి 21 పనిరోజులు, దాదాపు నెల.

తర్వాత మీరు లోపం చెప్పినా వింటారు. లోపం చెప్పాలి కూడా. అమెరికాలోనే వేసవి తరగతులకి వచ్చిన హైస్కూల్ పిల్లల మీద క్రాఫ్ట్, రోజర్స్ అనేవాళ్లు చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. టీచర్ నుంచి వారానికి ఒక్క వాక్యం ఇంటికి పంపారు, అంతే. ఏమీ పంపనివాళ్లలో కోర్సు తప్పినవాళ్లు 15.8 శాతం ఉంటే, పంపినవాళ్లలో 9.3 శాతానికి దిగింది. ఇందులో నన్ను ఆపేసిన సంగతి, మెచ్చుకుంటూ పంపిన వాక్యాల కంటే ఏది బాగుచేసుకోవాలో చెప్పిన వాక్యాలే ఎక్కువ పనిచేశాయి.

అయితే ఎలాంటి వాక్యం? "మీవాడు సరిగ్గా చదవట్లేదు" అంటే అది తిట్టు. "మూడు హోమ్‌వర్క్‌లు ఇవ్వలేదు, మూడూ భిన్నాలవే, శుక్రవారంలోపు తెస్తే తీసుకుంటాను" అంటే అది పని. తిట్టుకి తండ్రి ఎదురుతిడతాడు. పని చెబితే సాయంత్రం కొడుకుని పిలిచి "ఏదిరా ఆ భిన్నాల పుస్తకం" అంటాడు.

మిమ్మల్ని ఆ మాటన్నాయనతో ఇంక ఫోన్‌లో వద్దు. పిలిపించండి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి, ఇద్దరి ముందూ పిల్లవాడి పుస్తకం పెట్టండి. అప్పటికీ దారికి రానివాళ్లు ఉంటారు, వాళ్ల కోసం మిగతా 41 ఇళ్లనీ వదిలేయొద్దు. ఇంకో సంగతి, యాజమాన్యం దీనికి టైమ్ ఇవ్వాలి. వారానికి ఒక ఖాళీ పీరియడ్ కూడా ఇవ్వకుండా "పేరెంట్స్‌తో మాట్లాడండి" అంటే టీచర్ నెత్తిన ఇంకో మూట పెట్టడమే. ఇది చదివే హెడ్‌మాస్టర్లు ఎవరైనా ఉంటే వాళ్లకే చెబుతున్నా.

క్లాసు వాట్సాప్ గ్రూపులో రోజుకి వంద మెసేజ్‌లు. గుడ్ మార్నింగులు, "రేపు ఏం టెస్ట్?"లు. మ్యూట్ చేస్తే ముఖ్యమైనవి పోతున్నాయి. తలనొప్పి.

అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ ఉంది, టీచర్ని అది ఆన్ చేయమనండి. కబుర్లకి వేరే గ్రూపు పెట్టుకోండి, టీచర్ అందులో ఉండకూడదు. ఏ పిల్లవాడి పేరూ, మార్కులూ గ్రూపులో ఎత్తొద్దు. "రేపు ఏం టెస్ట్" అనేది మీ పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న. వాళ్లు రాసుకోవడం మర్చిపోతే ఒక్కసారి తక్కువ మార్కులు రానివ్వండి, ఏం కొంప మునగదు.

నేను తొమ్మిదో తరగతి. అమ్మా, మా క్లాస్ టీచరూ రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. క్లాసులో కునుకు తీసినా, ఎవరితో మాట్లాడినా నేను ఇంటికొచ్చేలోపే అమ్మకి తెలిసిపోతుంది. సీసీ కెమెరా పెట్టినట్టుంది. ఇప్పుడు డౌట్ వచ్చినా అడగట్లేదు, "మీ అమ్మాయికి ఇది కూడా రాదు" అని చెప్పేస్తారని టెన్షన్.

తల్లీ, పైన ఇంతసేపూ పెద్దవాళ్లందరికీ మాట్లాడుకోండి మాట్లాడుకోండి అని చెప్పాను. నీ ఉత్తరం చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. నువ్వు డౌట్ అడగడం మానేశావంటే వాళ్లిద్దరూ రోజూ చేసుకుంటున్న ఫోన్ల వల్ల నీ చదువుకి నష్టమే జరుగుతోంది.

మీ అమ్మకి ఒక మాట: పిల్ల బడికి రాకపోయినా, ఉన్నట్టుండి మార్కులు పడిపోయినా, ఎవరైనా ఏడిపిస్తున్నా, తనకేదైనా ప్రమాదం అనిపించినా టీచర్ మీకు చెప్పాలి, మీరు అడగాలి. ఎవరితో మాట్లాడింది, ఎప్పుడు నవ్వింది అనేవి వద్దు. మూడో తరగతి పిల్లకి చేసినట్టు పద్నాలుగేళ్ల పిల్లకి చేస్తే కుదరదమ్మా. రోజూ ఫోన్ మానేసి నెలకోసారి పెట్టుకోండి, అదీ పిల్లని కూర్చోబెట్టుకునే.

నీకు: అమ్మని నువ్వే అడుగు, "నా గురించి మాట్లాడేటప్పుడు నేనూ ఉంటాను" అని. అక్కడ ముందు మాట నీదే కావాలి. చీటీ మీద మూడు రాసుకుని వెళ్లు: ఏది బాగా వస్తోంది, ఎక్కడ ఇరుక్కున్నావు, వాళ్లిద్దరి నుంచి నీకేం కావాలి. మూడోది గట్టిగా చెప్పు, "డౌట్లు అడిగిన సంగతి ఇంటికి చెప్పొద్దు" అని. నాకు తెలిసి ఏ టీచరూ కాదనరు, చాలామందికి అసలు ఇలా అవుతోందనే తెలీదు.

క్లాసులో కునుకు సంగతి మాత్రం వదలను. నీ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావో నువ్వు రాయలేదు, ఎందుకు రాయలేదో నాకు కొంచెం అర్థమైందిలే. ఫోన్ ఏ గదిలో ఉంటుందో ఆలోచించుకో.

ఈలోగా ఆ డౌట్ ఏదో, క్లాస్ టీచర్ని కాకపోతే ఆ సబ్జెక్టు టీచర్ని రేపే అడిగెయ్. ఈ పేజీ మీ అమ్మకి చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం.